విదేశాల్లో మన కార్డు చెప్పని లెక్క

విదేశీ కరెన్సీ అమ్మే దుకాణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన షరతుల్లో ఒకటి చూడ్డానికి చాలా చిన్నది, చేసే మేలు మాత్రం పెద్దది. ఏ దేశపు నోటును ఆ రోజు ఎంతకు కొంటున్నారో, ఎంతకు అమ్ముతున్నారో రాసిన పట్టికను వచ్చినవాళ్లకు కనిపించేచోట పెట్టాలి. అందులోని రేట్లను ప్రతిరోజూ ఉదయం 10:30లోగా సవరించాలి. హైదరాబాద్‌లో డాలర్లు కొనేవాళ్లయినా, మిగిలిన యూరోలను విజయవాడలో మార్చుకునేవాళ్లయినా జేబులో చెయ్యి పెట్టకముందే ధర చూస్తారు. గిట్టకపోతే ఇంకో దుకాణానికి వెళతారు. అదే మనిషి విమానం దిగి, బ్యాంకాక్‌లోనో దుబాయ్‌లోనో ఏటీఎంలో డెబిట్ కార్డు పెట్టి అదే రూపాయిని మార్చుకుంటే ఈ హక్కు ఉండదు. ఖాతా ఉన్నది మన బ్యాంకులోనే. ఆ బ్యాంకును అదుపు చేసేదీ అదే రిజర్వు బ్యాంకు. అయినా అన్నీ కలిపి ఎంత పడుతుందో నోట్లు చేతికి వచ్చేలోపు ఎవరూ చెప్పరు. చాలాసార్లు ఆ తర్వాత కూడా ఒక్కచోట చూపరు. విదేశాల్లో కార్డు వాడకం గురించి మన దగ్గర వచ్చే సలహాలన్నీ ప్రయాణికుణ్ని జాగ్రత్తగా ఉండమనేవే. జాగ్రత్త కావాల్సిందే, కాదనను. కానీ ధర కనిపించనప్పుడు ఎంత జాగ్రత్తపరుడైనా చేయగలిగింది కొంతే. మొత్తం ఖర్చును రూపాయల్లో, ఒకే అంకెగా, డబ్బు తీసే ముందే ఖాతాదారుకు తెలియజేయడం బ్యాంకుల విధి కావాలి. దాన్ని రిజర్వు బ్యాంకు నియమంగా రాయాలి.

బ్యాంకులు అసలేమీ చెప్పవనడం అన్యాయం అవుతుంది. ప్రతి బ్యాంకు వెబ్‌సైట్‌లోనూ రుసుముల పట్టిక ఉంటుంది. ఓపికగా వెతికితే విదేశీ లావాదేవీల వరుస కూడా దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే అందులో ఉండేది ఆ బ్యాంకు వాటా ఒక్కటే. విదేశీ ఏటీఎంలో డబ్బు తీసినప్పుడు ఖర్చు నాలుగు వైపుల నుంచి వచ్చి పడుతుంది. ఆ ఏటీఎం ఎవరిదో వాళ్లు వసూలు చేసేది మొదటిది. రెండోది మారకం రేటు. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్‌లు ఏ రోజుకు ఆ రోజు ఈ రేటును నిర్ణయిస్తాయి. ఇది మార్కెట్ రేటుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి, ఈ మొత్తం వ్యవహారంలో ప్రయాణికుడికి కలిసొచ్చే భాగం ఇదే. మూడోది ఆ రేటు మీద మన బ్యాంకు వేసుకునే మార్కప్. చాలా బ్యాంకుల్లో ఇది 3 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. డబ్బు తీసిన ప్రతిసారీ వంద, నూటయాభై రూపాయల చొప్పున విడిగా మరో రుసుము కూడా బ్యాంకుదే. ఈ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ నాలుగోది. వీటిలో ఏ ఒక్కటీ దొంగచాటుది కాదు, ప్రతిదీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. నాలుగూ కలిసి ఎంతవుతాయన్నదే ఎక్కడా ఉండదు.

కలిపి చూద్దాం. 2023 నవంబరులో థాయ్‌లాండ్ భారతీయులకు వీసా మినహాయించాక మన రెండు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్లడం మరింత సులువైంది కాబట్టి ఆ దేశాన్నే తీసుకుందాం. అక్కడి బ్యాంకుల ఏటీఎంలు విదేశీ కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ సుమారు 220 బాట్ తీసుకోవడం ఏళ్లుగా ఉన్నదే. బాట్‌కు రెండున్నర రూపాయలు అనుకుందాం. అసలు రేటు రోజూ మారుతుంది, లెక్క తెలియడానికే ఈ అంకె. ఒక ప్రయాణికుడు 5,000 బాట్ తీస్తే చేతికి వచ్చింది 12,500 రూపాయల సొమ్ము. ఏటీఎం రుసుముతో కలిపి ఖాతాలోంచి పోయేది 5,220 బాట్, అంటే 13,050 రూపాయలు. దానిమీద 3.5 శాతం మార్కప్ 457 రూపాయలు, బ్యాంకు విడి రుసుము 150, ఈ రెండింటి మీద జీఎస్టీ 109. మొత్తం 13,766 రూపాయలు. పన్నెండున్నర వేల సొమ్ముకు 1,266 రూపాయలు అదనం, నూటికి పది రూపాయల పైమాటే. అదే మనిషి ఒక్కసారే 20,000 బాట్ తీసి ఉంటే అదనపు ఖర్చు 2,815 రూపాయలు, నూటికి ఐదున్నరకు కాస్త ఎక్కువ. అయిదేసి వేల చొప్పున నాలుగుసార్లు తీస్తే 5,064. ఒకే డబ్బు, ఒకే కార్డు, ఒకే యంత్రం. తేడా రెండు వేల పైచిలుకు. ఒక్కసారే ఎక్కువ తీయడం లాభమని ఈ లెక్క వేసుకున్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. లెక్క వేసుకోవడానికి కావలసిన నాలుగు అంకెలూ నాలుగుచోట్ల ఉంటే ఎవరు వేసుకుంటారు? రుసుముల పట్టికలో 3.5 శాతం అని చదివి వెళ్లినవాళ్లకు అది తమ విషయంలో పది శాతం అవుతుందని ఎలా తెలుస్తుంది? పైగా కొన్ని బ్యాంకుల్లో డబ్బు తీయగానే వచ్చే మెసేజ్‌లో 13,050 మాత్రమే ఉంటుంది. మార్కప్, రుసుము, పన్ను ఆ తర్వాత స్టేట్‌మెంట్‌లో వేరువేరు వరుసలుగా, పొడి అక్షరాల్లో కనిపిస్తాయి. అవి ఏ లావాదేవీకి చెందినవో పోల్చుకోవడం లెక్కలు తెలిసినవాళ్లకే కష్టం.

వీటన్నిటికీ తోడు ప్రయాణికుడు తెలియక తన చేత్తోనే నొక్కి తెచ్చుకునే ఖర్చు ఇంకొకటి ఉంది. కార్డు భారతదేశానిదని యంత్రం గుర్తుపట్టగానే తెరమీద ఒక ప్రశ్న వస్తుంది: మీ డబ్బును రూపాయల్లో లెక్కగట్టమంటారా, ఇక్కడి కరెన్సీలోనే ఉంచమంటారా అని. దుకాణాల్లో, హోటళ్లలో స్వైపింగ్ యంత్రం మీద కూడా ఇదే ప్రశ్న. పరాయి దేశంలో అలవాటులేని నోట్ల మధ్య తెలిసిన రూపాయి అంకె కనిపించేసరికి మనసుకు ధైర్యం వస్తుంది, వేలు అటే వెళుతుంది. రూపాయి అని నొక్కిన క్షణాన మారకం రేటు నిర్ణయించే అధికారం కార్డు నెట్‌వర్క్ చేతిలోంచి ఆ యంత్రం యజమాని చేతికి పోతుంది. వాళ్లు ఆ రేటులో తమ లాభాన్ని కలుపుకుంటారు. విమానాశ్రయాల్లో, పర్యాటకులు తిరిగే వీధుల్లో ప్రైవేటు సంస్థలు నడిపే ఏటీఎంలలో ఆ లాభం మరీ ఎక్కువ. పై లెక్కలో అయిదు శాతం తేడా వచ్చినా ఇంకో 650 రూపాయలు పోయినట్టే. లావాదేవీ రూపాయల్లో జరిగినా అది విదేశంలో జరిగింది కాబట్టి తమ రుసుము తమకు ఇవ్వాల్సిందేనంటూ కొన్ని మన బ్యాంకులు మళ్లీ వసూలు చేస్తాయి. అంటే ఒకే మారకానికి రెండుసార్లు ధర. వద్దు అని నొక్కితే లావాదేవీయే రద్దయిపోతుందేమోనన్న భయంతో చాలామంది సరే అంటారు. తెరమీది మాటలు కూడా ఆ భయాన్ని పెంచేలాగే ఉంటాయి. నిజానికి మారకం వద్దన్నా డబ్బు వస్తుంది, స్థానిక కరెన్సీలో లెక్కపడుతుంది. ఎక్కడైనా, ఎప్పుడైనా ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలన్న ఒక్క మాట ఇంటింటికీ తెలిస్తే ఎంతో డబ్బు మిగులుతుంది.

ఈ ప్రశ్న దగ్గర యూరప్ చేసిన పని మనకు పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నిబంధన ప్రకారం, 2020 ఏప్రిల్ 19 నుంచి తమ సభ్యదేశాల కార్డుదారులకు ఏటీఎంలోగానీ దుకాణంలోగానీ ఇలా సొంత కరెన్సీలో మార్చి ఇస్తామన్నప్పుడు, యూరోపియన్ కేంద్ర బ్యాంకు తాజా రేటు మీద తాము ఎంత శాతం అదనంగా తీసుకుంటున్నారో ముందే చూపించాలి. రుసుము ఇంతకు మించకూడదని వాళ్లు హద్దు పెట్టలేదు, వ్యాపారాన్ని ఆపలేదు. అందరూ ఒప్పుకునే ఒక కొలబద్దను ఎంచుకుని, దానితో పోల్చి ధర చెప్పమన్నారు. మన ప్రయాణికుడికి కావలసింది ఇదే. థాయ్‌లాండ్ ఏటీఎంకు రిజర్వు బ్యాంకు నియమాలు వర్తించవు, నిజమే. కానీ కార్డు ఇచ్చింది మన బ్యాంకు. డబ్బు తీయడానికి అనుమతి అడుగుతూ ఆ ఏటీఎం పంపే సందేశం వచ్చేది మన బ్యాంకుకే. అందులో ఎంత మొత్తమో, ఏ కరెన్సీలోనో ఉంటుంది. లావాదేవీ రూపాయల్లో జరుగుతోందో బాట్‌లో జరుగుతోందో మన బ్యాంకుకు తెలుస్తుంది. తెలిసిన విషయాన్ని ఖాతాదారుకు చెప్పమనడానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు.

విదేశాలకు వెళ్లే స్థోమత ఉన్నవాళ్లకు ఈ నాలుగు రూపాయలు ఒక లెక్కా అని ఎవరైనా అడగొచ్చు. ఈ ప్రశ్న వెనక ఉన్న మనిషి చిత్రం పాతది. ఇవాళ తెలుగు నేల నుంచి విమానం ఎక్కేవాళ్లలో వ్యాపారులు, ఉన్నతోద్యోగులు మాత్రమే లేరు. కూతురి పురిటికో కొడుకు గృహప్రవేశానికో అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండే విశ్రాంత ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్నది పింఛను పడే ఖాతా తాలూకు డెబిట్ కార్డు. చదువు అప్పుతో వెళ్లి, అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకా నాన్న ఇచ్చిన కార్డుతో నెట్టుకొచ్చే పిల్లలున్నారు. మొదటి జీతం పడేలోపు గల్ఫ్‌లో రోజులు వెళ్లదీసే కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప కార్మికులున్నారు. పశుపతినాథ్, ముక్తినాథ్ చూసొద్దామని బృందాలుగా నేపాల్ బయల్దేరే పల్లెటూరి యాత్రికులున్నారు. వీళ్లు ఒకేసారి పెద్ద మొత్తం తీయరు. ఖర్చయిపోతుందేమో, ఎవరైనా కొట్టేస్తారేమో అని కొంచెం కొంచెంగా తీస్తారు. పైన చూసిన లెక్క ప్రకారం అందరికన్నా ఎక్కువ శాతం కట్టేది సరిగ్గా వీళ్లే. ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు మార్కప్ తక్కువగానో, అసలు లేకుండానో ఉండే క్రెడిట్ కార్డులు దొరుకుతాయి. ప్రభుత్వ నిబంధనల్లోనూ ఈ తేడా ఉంది. విదేశాల్లో డెబిట్ కార్డుతో, ఫారెక్స్ కార్డుతో పెట్టే ఖర్చు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు అనుమతించే సరళీకృత చెల్లింపుల పథకం కిందికి వస్తుంది. అందులోనే ఇంకో చిన్న పరిమితి దాటితే మూలంలో పన్ను వసూలుకూ లెక్కలోకి వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి పది లక్షల రూపాయలు. అక్కడ ఉండి క్రెడిట్ కార్డుతో పెట్టే ఖర్చును మాత్రం 2023 జూన్‌లో ప్రభుత్వం ఆ లెక్కలోకి తీసుకోకుండా వాయిదా వేసింది. డెబిట్ కార్డు మీద ఆధారపడేవాళ్లలో పది లక్షల దాకా వెళ్లేవాళ్లు తక్కువే కావచ్చు. కానీ ప్రతి ఏర్పాటూ క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ల వైపే ఎందుకు ఒరుగుతోందన్నది అడగాల్సిన ప్రశ్న.

బ్యాంకుల వైపు నుంచి వచ్చే గట్టి అభ్యంతరం వేరు. మారకం రేటు క్షణక్షణం మారుతుంది, విదేశీ ఏటీఎం ఎంత వసూలు చేస్తుందో మాకు ముందు తెలియదు, కాబట్టి ఒకే అంకె చెప్పడం కుదరదు అంటారు. ఇందులో కొంత నిజముంది. దుకాణంలో కొన్నదానికి రేటు, కొన్న రోజున కాక రెండు మూడు రోజుల తర్వాత లెక్క తేలినప్పుడు పడటం మామూలే. కానీ ఇదే పనిని డబ్బు ఎదురుదిశలో వస్తున్నప్పుడు చేస్తూనే ఉన్నారు. అమెరికాలో 2013 అక్టోబరు 28 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, అక్కడి నుంచి విదేశాలకు డబ్బు పంపే సంస్థ రుసుము ఎంతో, మారకం రేటు ఎంతో, అందుకునేవారికి చేరేది ఎంతో డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలి. డల్లాస్‌లో ఉన్న కొడుకు నెల్లూరులోని తల్లికి డబ్బు పంపినప్పుడు ఆమె ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో పంపకముందే చూస్తాడు. ఆ తల్లి డల్లాస్ వెళ్లి తన కార్డుతో డాలర్లు తీస్తే తన ఖాతాలోంచి ఎన్ని రూపాయలు పోతాయో ఆమెకు ముందు తెలియదు. రూపాయి, డాలరు అవే. మారకం రేటు ఎగుడుదిగుళ్లూ అవే. అక్కడ వీలైంది ఇక్కడెందుకు వీలుకాదు? ఆ మాటకొస్తే వలసదారులు ఇంటికి పంపే సొమ్ము మీద పడే ఖర్చును ప్రపంచ బ్యాంకు మారకం రేటులో దాగిన లాభంతో సహా లెక్కగట్టి ఏళ్లుగా ప్రచురిస్తోంది. 2030 నాటికి ఆ ఖర్చు 3 శాతం లోపుకు రావాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి. రుసుమును, రేటులోని తేడాను కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుందని ప్రపంచమంతా ఒప్పుకున్నట్టే కదా. వీసా, మాస్టర్‌కార్డ్ తమ వెబ్‌సైట్లలో రోజువారీ రేటు లెక్కించే వీలు కల్పించాయి. నెట్‌వర్క్ రేటు, తన మార్కప్, తన రుసుము, పన్ను, ఈ నాలుగూ బ్యాంకు కంప్యూటర్‌కు తెలుసు. ఏటీఎం సంస్థ కలిపిన మొత్తం అనుమతి సందేశంలోనే వస్తుంది. ఇక తెలియనిదేమిటి? రేటు కొద్దిగా మారొచ్చు కాబట్టి సుమారుగా ఇంత అని చెప్పినా చాలు, తర్వాత ఖచ్చితమైన అంకెతో ఇంకో మెసేజ్ ఇవ్వొచ్చు. పది రూపాయలు అటూ ఇటూ అయ్యే అంచనా, ఏ అంచనా లేకపోవడం కన్నా నయం.

డెబిట్ కార్డే ఎందుకు, ఫారెక్స్ కార్డు తీసుకోవచ్చు కదా అన్నది మరో మాట. ముందుగానే డాలర్లో యూరోలో నింపుకుని వెళ్లే ఈ కార్డు చాలామందికి మంచిదే. నింపిన రోజు రేటే ఖాయమవుతుంది, ఇంట్లో అసలు ఖాతాకు దానికీ సంబంధం ఉండదు కాబట్టి పోయినా నష్టానికి హద్దు ఉంటుంది. కానీ నింపేటప్పుడు బ్యాంకు ఇచ్చే రేటులోనే దాని లాభం కలిసి ఉంటుంది. డాలర్లు నింపిన కార్డును థాయ్‌లాండ్‌లోనో వియత్నాంలోనో వాడితే మళ్లీ ఒక మారకం, మళ్లీ ఒక రుసుము. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకుంటే ఇంకో రేటు. ధర కనిపించకపోవడం అన్న జబ్బు ఇక్కడా ఉంది, రూపం మారిందంతే. నోట్లే తీసుకెళదామంటే ఒక ప్రయాణానికి చాలా దేశాలకు 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు తీసుకెళ్లకూడదు. అంత నగదు నడుముకు కట్టుకుని తిరగమని అరవై దాటినవాళ్లకు ఎవరూ సలహా ఇవ్వరు. యూపీఐ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఎక్కువ, ఆ ఆశలో అర్థమూ ఉంది. 2021లో భూటాన్‌తో మొదలై, 2023లో సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో అనుసంధానం దాకా, 2024లో శ్రీలంక, మారిషస్, నేపాల్, ఫ్రాన్స్‌లోని ఈఫిల్ టవర్ దాకా వెళ్లింది. అయినా అది అన్ని దేశాల్లో లేదు, ఉన్నచోటా అన్ని దుకాణాల్లో లేదు. మన పెద్దలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో దానితో నిత్యావసరాలు కొనలేరు, ఏటీఎంలో నోట్లూ తీయలేరు. ఇంకో పదేళ్లు డెబిట్ కార్డు అవసరం తీరేది కాదు. పైగా యూపీఐతో విదేశంలో చెల్లించినా రూపాయి మారాల్సిందే కాబట్టి, మొత్తం ధర చెప్పాలన్న నియమం దానికీ కావాలి.

బ్యాంకుల ఖర్చుల మాట కూడా వినాలి. నెట్‌వర్క్‌కు అవి డబ్బు కట్టాలి, రెండు దేశాల మధ్య వివాదాలు తేల్చాలి, మోసాల భారం మోయాలి. వాటికి ధర ఉండటం తప్పని ఎవరూ అనరు. మార్కప్‌ను రద్దు చేయమని గానీ, ఇంతకు మించొద్దని గానీ ఇక్కడ అడగడం లేదు. హద్దు పెడితే ఆ నష్టాన్ని వేరే పేరుతో వేరేచోట వసూలు చేస్తారన్న వాదనలో బలం ఉంది. అడుగుతున్నది ధర చెప్పమని. ధర కనిపించిన రోజున ఖాతాదారు రెండు బ్యాంకులను పోల్చుకుంటాడు. తక్కువ తీసుకునే బ్యాంకుకు తన మంచితనం చాటుకునే దారి దొరుకుతుంది. మార్కప్ లేని డెబిట్ కార్డులు మన దేశంలో ఇప్పటికే కొన్ని ఉన్నాయి. అవి ఉన్నాయని జనానికి తెలియకపోవడానికి కారణం పోల్చుకునే అంకె ఒకటి లేకపోవడమే.

భద్రత విషయంలో రిజర్వు బ్యాంకు చురుగ్గానే నడిచింది. 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం వల్ల కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారు కోరి తెరుచుకోవాలి, పరిమితి పెట్టుకోవాలి, ఎప్పుడంటే అప్పుడు మూసేయొచ్చు. దీనివల్ల ఆగిన మోసాలెన్నో. కానీ ఈ మీట సంగతి తెలియకుండా విమానం దిగి, ఏటీఎం తమ కార్డును తిరస్కరించినప్పుడు కంగారుపడే పెద్దలున్నారు. అప్పుడు తెరుద్దామంటే ఓటీపీ వచ్చేది ఇండియా సిమ్‌కు, అది తీసేసి స్థానిక సిమ్ వేసుకుని ఉంటారు. బ్యాంకు యాప్ కూడా చాలావరకు ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే తెరుచుకుంటుంది. కాబట్టి వెళ్లేముందే విదేశీ వాడకాన్ని తెరిచి పరిమితి పెట్టుకోవడం, మన సిమ్‌ను రెండో స్లాట్‌లో ఉంచుకుని కనీసం మెసేజ్‌లు అందేలా రోమింగ్ ఉంచుకోవడం, పింఛను ఖాతా కార్డు కాకుండా కొద్ది మొత్తం ఉంచిన వేరే ఖాతా కార్డు వాడటం, రెండో కార్డును ఇంకో సంచిలో దాచడం తప్పనిసరి. హోటల్ గదికో అద్దె కారుకో హామీగా డెబిట్ కార్డు ఇస్తే ఆ మొత్తం రోజుల తరబడి ఖాతాలో స్తంభించిపోతుందని కూడా తెలిసి ఉండాలి. క్రెడిట్ కార్డులో ఆగేది అప్పు పరిమితి. డెబిట్ కార్డులో ఆగేది చేతిఖర్చు డబ్బు.

కానీ విదేశంలో డబ్బు పోయాక దొరికే రక్షణలో ఒక పెద్ద ఖాళీ ఉంది. 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో మనిషి మోసం వల్ల డబ్బు పోయిందని మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు చెప్పిన ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము ఖాతాలో జమ చేయాలి. మోసం కాకుండా యంత్రం తప్పిదం అయితే? ఏటీఎం నోట్లు ఇవ్వకుండా ఖాతాలో మాత్రం కోత పడితే అయిదు రోజుల్లోగా తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. ఎంతో మంచి నియమం. అయితే అది ఇరువైపులా దేశంలోనే జరిగే లావాదేవీలకు పరిమితం. బ్యాంకాక్‌లో నోట్లు రాని ఏటీఎం ముందు నిలబడ్డ మనిషికి ఆ గడువూ లేదు, ఆ పరిహారమూ లేదు. రెండు దేశాల బ్యాంకులు ఉత్తరాలు నడుపుకునేసరికి వారాలు పడుతుందన్నది బ్యాంకుల సమాధానం. అలాగైతే గడువును పెంచండి. అసలు గడువే లేకపోవడం మాత్రం ఒప్పుకోదగింది కాదు. ఆ సొమ్మును విచారణ తేలేదాకా తాత్కాలికంగా జమ చేయడం ఏ బ్యాంకుకూ భారం కాదు. మోసం విషయంలో ఆ పని ఇప్పటికే చేస్తున్నారు.

రిజర్వు బ్యాంకు రాయాల్సిన నియమం పెద్దదేమీ కాదు. విదేశీ వాడకాన్ని తెరిచేటప్పుడే యాప్‌లో ఒక లెక్క చూపాలి: ఇంత తీస్తే సుమారుగా ఇన్ని రూపాయలు పడుతుంది, అందులో మార్కప్ ఇంత, రుసుము ఇంత, పన్ను ఇంత అని. తీసే మొత్తాన్ని మార్చి చూసుకునే వీలుంటే చిన్న మొత్తాలకు ఎంత నష్టమో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. డబ్బు తీసిన వెంటనే వచ్చే మెసేజ్‌లో ఆ లావాదేవీకి పట్టిన మొత్తం ఖర్చు ఒకే అంకెగా, నెట్‌వర్క్ రేటుతో పోల్చి ఉండాలి. లావాదేవీ రూపాయల్లో మారి వస్తే, యంత్రం మీకు ఎక్కువ రేటు వేసి ఉండొచ్చు, ఈసారి స్థానిక కరెన్సీ ఎంచుకోండి అని ఆ మెసేజ్‌లోనే చెప్పాలి. స్టేట్‌మెంట్‌లో మార్కప్, పన్ను వరుసలు అసలు లావాదేవీ కిందనే రావాలి. ఏటీఎంలో డబ్బు రాకపోతే విదేశీ లావాదేవీలకూ ఒక గడువు, ఒక పరిహారం ఉండాలి. ఈ మెసేజ్‌లు తెలుగులో కూడా రావాలి. మన ఊళ్లో ఏటీఎం తెర ఏళ్లుగా తెలుగులో కనిపిస్తోంది కాబట్టి, అదే బ్యాంకు నుంచి అదే ఖాతాదారు ఫోన్‌కు వచ్చే నాలుగు వాక్యాలు తెలుగులో పంపడానికి సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు.